ముక్కు మేస్త్రి తిన్న చేప

ఆ ఆరు వారాలూ ఆయన తెలిసి తిన్నాడా, తెలియక తిన్నాడా? పదకొండేళ్ళు గడిచాయి, నాకింకా తేలలేదు. తెలియక తిన్నాడనుకుంటే నమ్మిన మనిషిని మోసం చేసినవాణ్ణి నేను. తెలిసే తిన్నాడనుకుంటే నేనేమవుతానో చెప్పే మాట నాకు దొరకదు. ముప్పై ఏళ్ళు పుస్తకాల మధ్య బతికినవాడికి మాట దొరక్కపోవడమేమిట్రా అని మా అక్క ఉంటే నవ్వేది. అక్క లేదు. ఆ చివరి శనివారం తరవాత ఆయన్నీ మళ్ళీ చూడలేదు. అందుకని నాకు తెలిసినంత వరకూ రాసిపెడుతున్నాను.

రేవులో అందరూ ఆయన్ని ముక్కు మేస్త్రి అనేవారు. రేవు పక్కన కోల్డ్ స్టోరేజిలో ముప్పై నాలుగేళ్ళు చేపలకి గ్రేడు కట్టాడు. చెప్పుకోడానికి పని చిన్నదే. రేకు పరిచిన పొడుగాటి బల్ల, దాని చివర నుంచి ఎప్పుడూ కారుతుండే ఐసు నీళ్ళు. పెట్టె దించగానే పైన ఉన్నవి పక్కకి తోసి, అడుగు నుంచి ఒక చేపని లాగేవాడు. పైన మంచివి పేర్చి అడుగున ముసలివి దాచడం పడవల వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. ఎడమ బొటనవేలితో మొప్ప లేపి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఒక్క పీల్పు. బల్ల మీద చేత్తో ఒకసారి కొడితే మొదటి రకం, రెండుసార్లు కొడితే రెండో రకం, కొట్టకుండా అరచెయ్యి పక్కకి జార్చేస్తే వెనక్కి. నోరు విప్పేవాడు కాదు. ఇంట్లో కూడా బల్ల కొట్టే జవాబు చెప్పేవాడట. వాళ్ళావిడ బతికున్న రోజుల్లో ఎవరొచ్చినా, “నన్ను మొదటిసారి చూసినప్పుడు ఎన్నిసార్లు కొట్టారో అడగండి” అనేదట. రెండని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు.

ఉద్యోగం దిగిపోయాక కూడా పని ఆయన్ని వదల్లేదు. రేవులో కొన్నవాడికీ అమ్మినవాడికీ మాట తేడా వస్తే, సరుకు మంచిదని ఒకడూ కాదని ఒకడూ పట్టుబడితే, ఇద్దరూ కలిసి చేపని తడిగుడ్డలో చుట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళేవారు. ఆయన మెట్ల మీద కూర్చుని మొప్ప లేపేవాడు. గడప మీద ఒక దెబ్బో రెండు దెబ్బలో వేసేవాడు. ఇక దానికి తిరుగు లేదు. ఓడినవాడు దారి పొడుగునా గొణిగేవాడేమో గానీ ఆ గుమ్మంలో మాత్రం గొణిగేవాడు కాదు. కోర్టుకి పై కోర్టుంది, మేస్త్రి ముక్కుకి పై ముక్కు లేదని రేవులో నానుడి.

నాకు ఆయన తెలిసింది రేవులో కాదు, బస్టాండు ఎదురుగా ఉన్న ఒక బారులో. నేను పెద్దగా తాగేవాణ్ణి కాను. లైబ్రరీ ఉద్యోగం అయిపోయి, అక్క కూడా పోయాక, శనివారం మధ్యాహ్నాలు గదిలో కాలు నిలిచేది కాదు. మిగతా రోజులు ఎలాగో దొర్లిపోయేవి. శనివారం మాత్రం కింది వాటా వాళ్ళకి చుట్టాలొచ్చేవారు. నవ్వులు మెట్ల మీదుగా పైకొచ్చి నా తలుపు దగ్గర ఆగిపోయేవి. అందుకని వాళ్ళు వచ్చేలోపే బయటపడేవాణ్ణి. ఒక గ్లాసు బీరు, ఒక వేయించిన చేప, ఒక పుస్తకం. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఇరవై పేజీలు అయ్యేవి.

ఆ రోజు ఒక పెద్దాయన వచ్చి నా ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పొట్టి మనిషి. చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినట్టు పెద్దవి, తెల్లగా నానినట్టు ఉన్నాయి.

“బారుకి పుస్తకం తెచ్చుకున్నారు, లైబ్రరీకి సీసా పట్టుకెళ్ళేవారా?” అన్నాడు.

“నేను లైబ్రరీలోనే పనిచేసేవాణ్ణండీ” అన్నాను.

ఒక నిమిషం నా మొహం చూశాడు. “అయితే పట్టుకెళ్ళే ఉంటారు” అన్నాడు.

నేను నవ్వాను. చాలా రోజులకి నవ్వానేమో, దవడ నొప్పిపుట్టింది. ఆయన నా ప్లేటు వైపు గడ్డం ఎత్తాడు. “చేప ఎలా ఉంది?”

“బాగుందండీ.”

“బాగుందని చుట్టాలింట్లో చెప్తారు మాస్టారూ. నేనడుగుతోంది చేప సంగతి.”

నాకు కాస్త పౌరుషం వచ్చింది. పుస్తకం మూసి, ఇంకో ముక్క తిని, ఆలోచించి చెప్పాను. పైన కరకరలాడుతోంది. లోపల పొరలుగా విడాల్సింది పిండిలా రాలుతోంది. మింగాక నాలుక చివర ఇనప ముక్క చప్పరించినట్టుంది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

“నాలుగో రోజు చేప” అన్నాడు. “లెండి. ఇది మనకొద్దు.”

మనకి! ఆ మాట నాతో అన్నవాళ్ళెవరూ అప్పటికి మిగల్లేదు. సగం బీరు వదిలేసి ఆయన వెంట నడిచాను.

రెండు వీధులు దాటాక, ఒక తాళాల కొట్టు అరుగు మీద కూర్చుని అసలు సంగతి చెప్పాడు. రెండేళ్ళ కిందట గట్టి జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ముక్కుని కూడా తీసుకుపోయింది. వాసన లేదు. వాసన లేకపోతే రుచీ లేదు. ఉప్పు ఉప్పగా, కారం కారంగా తెలుస్తుంది, అంతే. ఏం తిన్నా తడిపిన అట్టముక్క. అయినా మంచి చేపా, టీవీ రెండూ ఉన్న బారు కోసం ప్రతి శనివారం తిరుగుతున్నాడు. ఇంట్లో చెల్లెలూ బావగారూ ఉన్నారు, వాళ్ళకీ చెప్పలేదు. చెల్లెలు వండి పెట్టి ఎదురుగా కూర్చుంటుంది, “ఎలా ఉంది అన్నయ్యా?” అని అడుగుతుంది, ఈయన బల్ల మీద ఒకటి కొడతాడు. ఒకరోజు అది ఉప్పు బదులు పంచదార వేసి పరీక్ష పెట్టిందట. “పంచదార కాబట్టి సరిపోయింది, నాలుకకి దొరికింది” అన్నాడు. “వాము మానేసి ఉంటే అప్పుడే దొరికిపోదును.”

“మరి రేవు నుంచి తగువులు వస్తాయి కదండీ?”

“వస్తాయి. కన్ను చూస్తాను, వేలితో నొక్కి చూస్తాను, ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చినట్టు నటిస్తాను. ఇంతవరకు తప్పు పోలేదు.” తన చేతుల వైపు చూసుకున్నాడు. “ఎవరికైనా తెలిసిందా, ఈ రెండేళ్ళే కాదు మాస్టారూ, ముప్పై నాలుగేళ్ళూ పోతాయి. ఆ రోజు నా సరుకు వెనక్కి పంపావే, అప్పుడు మాత్రం నీకు ముక్కుందా అంటాడు ఒకడు. ఏం చెప్పను?”

“తెలియనప్పుడు ఏ చేపయితే ఏమండీ? మంచిదే కావాలని ఈ తిరుగుడెందుకు?” అని అడిగాను. అడక్కూడనిదేమోనని తరవాత అనిపించింది. ఆయన మాత్రం ఆ ప్రశ్న కోసమే కాసుకుని ఉన్నట్టు చెప్పాడు.

“డాక్టరు రావచ్చన్నాడు. రాకపోవచ్చు, వస్తే చెప్పా పెట్టకుండా వస్తుంది, తింటూ ఉండగా ఒక ముద్దలో వచ్చేయొచ్చు అన్నాడు. ఎప్పుడో తెలీదుగా. వచ్చిన ముద్దలో నాకు కుళ్ళు కంపు కొట్టకూడదు. అందుకని ప్రతిసారీ మంచిదే ఉండాలి. అది మంచిదో కాదో చెప్పే నాలుక కావాలి. మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. అంతే చాలు నాకు.”

“టీవీ ఉన్న చోటే కావాలన్నారు?”

“ఇంట్లోనూ ఉంది టీవీ. గోల్ పడితే పక్కన ‘అబ్బా!’ అనేవాడు లేడు.”

అలా మొదలైంది. శనివారాల్లో ఇద్దరం బార్లు వెతికేవాళ్ళం. ఆయనకి మూడు షరతులు. చేప మంచిదవ్వాలి, టీవీలో ఫుట్‌బాల్ రావాలి, రేవు మనిషి ఒక్కడు కూడా కనపడకూడదు. నా షరతేమిటని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

బారులోకి వెళ్ళగానే ఆయన టీవీ వైపు చూసేవాడు కాదు. చేతులు కడుక్కునే నెపంతో తిన్నగా వెనక్కి వెళ్ళి, వంటింటి బయట చెత్తడబ్బా మూత తీసి చూసేవాడు. డబ్బాలో చేప తలలుంటే చేపని అక్కడే కోశారన్నమాట. తలలు లేకపోతే ముక్కలు పెట్టెలో వచ్చాయన్నమాట. తలలుంటే వాటి కళ్ళు చూసేవాడు. ఒక చోట వంటవాడు ఆయన్ని డబ్బాలోకి వంగి ఉండగా పట్టుకుని, పాపం ఎన్నాళ్ళైందో తిని అని ఒక రొట్టె చేతిలో పెట్టాడు. ఈయన అది పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి, “రొట్టె సంగతి చెప్పండి” అన్నాడు. రొట్టె బాగుంది. అక్కడ చేపలే బాగాలేవు.

ఒక బారులో టీవీ గోడంత ఉంది గానీ రొయ్యలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరులా ఉన్నాయి. ఇంకో చోట పీత అమోఘం, ఎనిమిది కాళ్ళూ చప్పరించాను, కానీ టీవీలో ఎప్పుడూ గుర్రాలే పరిగెత్తేవి. అది మారిస్తే ఊరుకోమని నలుగురు మనుషులు మా వైపు చూశారు. మరో చోట అన్నీ కుదిరాయి. చేప వచ్చింది, ఆట మొదలైంది. అంతలో గల్లా దగ్గర కుర్రకారులో ఒకడు, “మేస్త్రి తాతలా ఉన్నాడే” అన్నాడు. అంతే, ముద్ద ప్లేటులో వదిలేసి లేచాం. ఎదురుగా ఉన్న పార్కులో కూర్చుని వేరుసెనగలు తిన్నాం. నాకు ఆ సాయంత్రం ఎంత బాగుందో ఆయనకి చెప్పలేదు.

అక్కగారి బారు దొరికింది ఏడోసారికి. బస్సుల డిపో వెనక, టైర్లకి పంచర్లు వేసే షెడ్డుకీ ఒక మూతపడ్డ స్కూలుకీ మధ్యన. రేవుకి బస్సులో ముప్పావుగంట. బారు నడిపే ఆవిడ అందరికీ అక్కే, మాకంటే పదేళ్ళు చిన్నదైనా సరే. ఫ్రిజ్ మీద టీవీ. బొమ్మ ముందు వచ్చేది, మాట వెనక వచ్చేది. గోల్ పడ్డాక రెండు క్షణాలకి వ్యాఖ్యాత అరిచేవాడు. ఆవిడ తమ్ముడికి చిన్న పడవుంది, పొద్దున పట్టింది మధ్యాహ్నానికి వంటింట్లో ఉండేది. మేస్త్రి వెనక్కి వెళ్ళి వచ్చాడు. కళ్ళలో వెలుగు. “తలలున్నాయి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, మొన్న పుట్టిన పిల్లల్లా చూస్తున్నాయి” అన్నాడు.

చేప వచ్చింది. ఆయన ముందు బొటనవేలితో దాని నడుము మీద నొక్కాడు, అది ఆయనకి మానని అలవాటు. తరవాత నా వైపు చూశాడు. నేను తిన్నాను. తెల్లటి పొరలు ఒకదాని మీంచి ఒకటి జారిపోతున్నాయి. తియ్యగా ఉంది, పంచదార తీపి కాదు, లేత మొక్కజొన్న పాలలాంటి తీపి. మింగాక నోట్లో చేప లేదు, గాలి ఉంది. అదే చెప్పాను. ఆయన బల్ల మీద ఒకసారి కొట్టి తినడం మొదలుపెట్టాడు. మెల్లగా, ప్రతి ముద్దా నోట్లో ఆపి, ఎవరో వస్తానన్నారన్నట్టు కాసేపు ఎదురుచూసి, అప్పుడు మింగేవాడు.

ఎనిమిది నెలలు. శనివారం నాలుగింటికి గోడవారగా ఆ బల్ల. నేను వెళ్ళేసరికి ఆయన ఉండేవాడు, ఆయన ముందు రెండు గ్లాసులుండేవి. ఆటలు చూడటం నాకు రాదు, ఆయనే నేర్పాడు. ముప్పై నాలుగేళ్ళు ఆయన ఆటని విన్నాడే గానీ చూడలేదు. గ్రేడింగ్ హాల్లో స్తంభానికి రేడియో కట్టి ఉండేదట, చేతులు ఐసులో, చెవులు మైదానంలో. అందుకని టీవీ ముందు కూర్చున్నా సగంసేపు కళ్ళు మూసుకునే ఉండేవాడు. “ఇప్పుడు ఎడమ పక్క నుంచి తీసుకొస్తున్నాడు చూడండి” అనేవాడు కళ్ళు మూసుకునే. నిజంగానే ఎడమ పక్క నుంచి ఎవడో వస్తుండేవాడు. గోల్ పడితే నేను “అబ్బా!” అనేవాణ్ణి. ఒక్కోసారి అవతలి జట్టు గోలుకి కూడా అనేసేవాణ్ణి. “మీరు ఎవరి పక్క మాస్టారూ?” అనేవాడు. “మీది మగపెళ్ళివారి పక్కా కాదు, ఆడపెళ్ళివారి పక్కా కాదు, భోజనాల పక్క.”

ఇంటికి వెళ్ళేటప్పుడు పుస్తకంలో ఒక్క పేజీ కూడా కదిలి ఉండేది కాదు. అసలు పుస్తకం తీసుకెళ్ళడమే మానేశాను.

తొమ్మిదో నెలలో ఒక శనివారం చేప ముక్క నోట్లో పెట్టుకోగానే తెలిసింది. పొర విడలేదు. పిండిలా రాలింది. చివర్న ఇనుము. తల ఎత్తాను. ఆయన బొటనవేలు చేప మీద ఉంది, చూపు నా మీద ఉంది.

“ఎలా ఉంది?”

బయట వాన. టీవీలో ఆట మొదలై నాలుగు నిమిషాలైంది. అక్కగారు నా గ్లాసు అడక్కుండానే నింపి వెళ్ళింది. నిజం చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. లెండి మాస్టారూ, ఇది మనకొద్దు. మళ్ళీ తిరుగుడు. నా మోకాలు అప్పటికే మెట్లు దిగనంటోంది. నేను రాలేనంటే ఆయన ఒక్కడే వెతుకుతాడు, ఇంకో బారులో ఇంకెవడి ప్లేటు వైపో గడ్డం ఎత్తి అడుగుతాడు, వాడెవడో నాకంటే బాగా చెప్తాడు. ఇదంతా అప్పుడు ఇంత వివరంగా అనుకోలేదు. నోరు ముందు పలికింది.

“బాగుందండీ” అన్నాను.

చుట్టాలింట్లో చెప్పే మాట. మొదటి రోజు ఆయన నన్ను పట్టుకున్నది ఆ మాట మీదే. ఈసారి పట్టుకోలేదు. ఒక క్షణం ఆగి బల్ల మీద ఒకసారి కొట్టాడు.

మరుసటి వారం నేనే ముందు వెళ్ళి అక్కగారిని పక్కకి పిలిచి అడిగాను. తమ్ముడు పడవ అమ్మేశాడట, ఇప్పుడు ముక్కలు పెట్టెలో వస్తున్నాయట. “బాలేదా అన్నయ్యగారూ?” అంది ఆత్రంగా. “మీతో వచ్చే పెద్దాయనకి చేపల సంగతి బాగా తెలుసని మా తమ్ముడనేవాడు. ఆయన ఏమీ అనలేదంటే బాగానే ఉందేమోననుకుంటున్నా.” నేను ఆవిడకి కూడా బాగానే ఉందన్నాను. ఒక అబద్ధానికి పునాది వేశాక దానికి గోడలు కూడా మనమే లేపాలి.

ఆరు వారాలు అలా నడిచింది. ఆ ఆరు వారాల్లో నేను చూసినవి చెబుతాను, ఎటు తూగుతాయో చదివేవారే చూసుకోవచ్చు. ఆయన వెనక్కి వెళ్ళి చెత్తడబ్బా చూడటం మానేశాడు. నా నాలుకని నమ్మాక చూడక్కర్లేదనుకున్నాడా, చూస్తే తెలిసిపోతుందని మానేశాడా, చెప్పలేను. పొట్ట దగ్గర ముక్క ప్లేటు అంచుకి తోసేసి బంగాళాదుంపలు ఎక్కువ తినేవాడు. వయసు మీదపడి ఆకలి తగ్గిందన్నాడు. ముద్ద నోట్లో ఆపి ఎదురుచూడటం మాత్రం మానలేదు. అదే నన్ను తినేసింది. ఆ ముద్దలోనే వచ్చేస్తే? నాకు తెలిసిన మంచి చేప రుచి ఎలాగైనా ఆయన నోట్లోకి పంపగలిగితే బాగుండుననుకుంటూ, పక్కన కూర్చుని “అబ్బా” అనేవాణ్ణి. వచ్చే వారం చెప్పేస్తాననుకునేవాణ్ణి. వారం తిరిగేది.

ఏడో శనివారం పాటగాడు వచ్చాడు.

రేవులో వేలంపాట పాడే మనిషి. డిపోలో బస్సు ఆగిపోతే, ఆట చూద్దామని లోపలికి వచ్చాడట. నిలువెత్తు మనిషి, గొంతు అతని కంటే ముందు లోపలికి వచ్చింది.

“గురువుగారూ! ఇదా మీ మకాం! రేవంతా మీరు శనివారాలు ఎక్కడికెళ్తారోనని పందేలు కాస్తున్నారు. చిన్నిల్లు అన్నాడు మా ఐసువాడు. నేనే కాదన్నాను, గురువుగారికి అంత ఓపిక ఎక్కడిదీ అని!” కుర్చీ లాక్కుని మా మధ్య కూర్చున్నాడు. నన్ను చూసి, “ఇదేనా చిన్నిల్లు?” అన్నాడు. మేస్త్రి నవ్వాడు. నవ్వు మొహం మీదే ఉంది, చేతులు మాత్రం బల్ల కిందకి వెళ్ళిపోయాయి.

“మీ ప్లేటులోది తింటే నాకూ కాస్త ముక్కొస్తుందేమో” అంటూ పాటగాడు చేప తుంచుకుని నోట్లో వేసుకున్నాడు. రెండుసార్లు నమిలాడు. ఆగాడు. కాగితం తీసుకుని అందులో ఊసేశాడు.

“గురువుగారూ, ఇదేంటి?”

“ఏంటి?” అన్నాడు మేస్త్రి.

“ఇదేంటంటే… కంపు కొడుతోంది కదండీ. వారం రోజులది. మీరు ఇది తింటున్నారా?”

మేస్త్రి పాటగాణ్ణి వదిలేసి నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ చూపులో. మొదటి రోజు తాళాల కొట్టు అరుగు మీద ఉన్న మొహమే.

“మాస్టారూ, ఎలా ఉంది?”

ఇప్పటికీ ఆ ప్రశ్న వినపడుతుంది నాకు. నిజంగా తెలుసుకోడానికే అడిగాడేమో. తెలిసే, నన్ను ఒక్కసారి నిజం చెప్పనిద్దామని అడిగాడేమో. బాగాలేదండీ, తప్పు నాది, నేనే బాగుందని చెప్పి తినిపించాను అని ఉంటే, పాటగాడికి ఆయన ముక్కు సంగతి తెలిసిపోయేది. బాగుందంటే ఆయన దాని మీద నిలబడతాడు. ఎటూ పాలుపోక, అలవాటైన మాటే వచ్చింది.

“బాగుందండీ.”

ఆయన పాటగాడి వైపు తిరిగి, ప్లేటు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక్క పీల్పు. అదే పద్ధతి, అదే తీరు. “బాగానే ఉందిరా. నీకు జలుబు చేసినట్టుంది” అన్నాడు.

పాటగాడు నవ్వబోయి ఆగిపోయాడు. అక్కగారు అప్పటికే వచ్చి నిలబడి ఉంది. మొహం కందిపోయింది. “లేదు బాబూ, ఆయన మాట ఆయనిది. ఇది పెట్టెలో వచ్చిందే, ఎప్పటిదో నాకే తెలీదు” అంది. “ఈ అన్నయ్యగారు బాగుందని ప్రతివారం చెప్తుంటే, తెలిసినవాళ్ళు కదా అని నేనూ ఊరుకున్నా. నాకు మాత్రం పొద్దున మూత తీసినప్పుడే అనుమానంగానే ఉంది.”

పక్క బల్ల దగ్గరున్న డ్రైవరొకాయన వంగి వాసన చూసి, తన ప్లేటు దూరంగా జరుపుకున్నాడు.

పాటగాడి గొంతు పడవల దాకా వినపడే గొంతు. అది పడిపోవడం నేను అప్పుడే విన్నాను. చాలా మెల్లగా, నాకు కూడా వినపడకూడదన్నట్టు అడిగాడు.

“గురువుగారూ. రెండు నెలల కింద నేను పాడి అమ్మిన పెట్టెలు పన్నెండు వెనక్కి పంపారు. మీ గుమ్మంలో నేను పల్లెత్తు మాటనలేదు. అప్పుడు… వాసన చూసే పంపారా?”

టీవీలో జనం లేచి చేతులూపారు. మాట ఇంకా వెనకబడే ఉంది. మేస్త్రి ప్లేటు బల్ల మీద పెట్టాడు. చేప ముళ్ళన్నీ ఒక పక్కకి చేర్చాడు, అక్కగారికి తీయడానికి వీలుగా. లేచాడు. ఆట మధ్యలో ఆయన లేవడం ఆ బారులో ఇన్ని నెలల్లో చూడలేదు.

“చేతులు కడుక్కొస్తా” అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు.

పాటగాడు ఉండచుట్టిన కాగితాన్ని చేతిలో నలుపుతూ కూర్చున్నాడు. “మీకు తెలుసా సార్?” అని నన్నడిగాడు. నేను టీవీ వైపు చూశాను. బస్సు బయల్దేరుతోందని ఎవరో కేకేస్తే, అతను తలొంచుకుని వెళ్ళిపోయాడు.

నేను కూర్చున్నాను. మేస్త్రి వస్తే చెప్పాల్సింది వరసగా పేర్చుకున్నాను. మొదటి వారం సంగతి ముందు చెప్పాలి, మోకాలి సంగతి చెప్పకూడదు, అది సాకులా ఉంటుంది. సగం ఆట అయింది. విరామం అయింది. మళ్ళీ ఆటగాళ్ళు మైదానంలోకి వచ్చారు. వెనక నీళ్ళ చప్పుడేమీ లేదు. చివరికి లేచి వెళ్ళి చూశాను. కొళాయి కట్టేసి ఉంది. వంటింట్లో గిన్నెలు తోముతున్న ఆవిడ నన్ను చూసి చెయ్యి ఆపింది.

“ఆ పెద్దాయన కోసమా? ఆయన ఎప్పుడో వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయారు” అంది. “మీతో చెప్పలేదా?”